గజ్జలో నొప్పి అని చెప్పడానికి ఎనిమిది నెలలు

ఈ పేజీలో ఇన్నాళ్లూ మేం రాసినవన్నీ మా ఇంటి పాత సంగతులు. తాతగారి కొట్టు, నౌపడ బుల్లి రైలు, వంశధార వరదలు, మామ్మ ఆవకాయ కొలతలు. ఈసారి ఒక జబ్బు గురించి రాస్తున్నాం. మా చిన్నమ్మి తుంటినొప్పి సంగతి తెలిసి బరంపురం నుంచి, జయపురం నుంచి, రాయగడ నుంచి, ఖరగ్‌పూర్ నుంచి కూడా చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు. "మా అమ్మాయికీ అలాగే ఉంది, మీరేం చేశారు? ఆపరేషన్ చేయించారా, మానేశారా?" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్తుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాం. అందుకని ఓ ఆదివారం అందరం కూర్చుని, చిన్నమ్మిని పక్కన పెట్టుకుని, తను సరే అన్నాకే ఇది రాస్తున్నాం. "మీ తప్పులు కూడా రాయండి, లేకపోతే వద్దు" అంది. రాస్తున్నాం.

ముందే చెప్పేస్తున్నాం, మేం డాక్టర్లం కాము. మాకు అర్థమైనంత, అడిగి తెలుసుకున్నంత చెప్తున్నాం. మీ వైద్యం మీ డాక్టరే చెప్పాలి.

కొత్తగా చదివేవాళ్ల కోసం మా ఊరి గురించి రెండు ముక్కలు. గుణుపురం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత కోరాపుట్ జిల్లా. 1992 అక్టోబరు నుంచి రాయగడ జిల్లా. చిన్న రైలు మా ఊరి దాకా 1931లో వచ్చింది. ఆ రైల్లోనే తాతగారు వచ్చారు, కొట్టు పెట్టారు, ఇక్కడే ఉండిపోయారు. మాకు బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. పెద్ద జబ్బు చేస్తే ఊళ్లో కొందరు బరంపురం మెడికల్ కాలేజీకి పోతారు, కొందరు విశాఖ పోతారు. మా ఇంట్లో తాతగారి కాలం నుంచీ కేజీహెచ్ అలవాటు కాబట్టి ఏం వచ్చినా విశాఖే. ఇదంతా ఎందుకంటే, చిన్నమ్మి నొప్పి కథలో సగం ఈ రెండు భాషల మధ్యే నడిచింది.

2023 సంక్రాంతికి మొదలైంది. భోగి ముందురోజు రాత్రి చిన్నమ్మి వీధిలో గొంతుకూర్చుని రెండు గంటలు ముగ్గు పెట్టింది. లేవబోయేసరికి కుడి తుంటి లోపల ఎక్కడో తటుక్కుమని పట్టేసింది. కాసేపు కాలు కదపలేక వదిన భుజం పట్టుకుని నిలబడింది. తర్వాత దానంతటదే వదిలింది. మేం నవ్వాం కూడా. "ముప్ఫైనాలుగేళ్లకే ముసల్దానివి అయిపోతున్నావే" అన్నాం.

చిన్నమ్మి ఏడో ఏట నుంచి ఒడిస్సీ నేర్చుకుంది. పెళ్లయ్యాక ఊళ్లోనే ఉండి, సాయంత్రాలు పిల్లలకి నేర్పుతోంది. ఒడిస్సీలో చౌక అనే నిలకడ ఉంటుంది. రెండు కాళ్లూ పక్కలకి తిప్పి, మోకాళ్లు వంచి, జగన్నాథుడి విగ్రహంలా చతురస్రంగా నిలబడాలి. పిల్లలు తప్పు చేసినప్పుడల్లా తను చేసి చూపించాలి. రోజుకి అలా ఎన్నిసార్లు కూర్చుని లేచేదో తనకే తెలీదు.

ఆ సంక్రాంతి తర్వాత నొప్పి పోలేదు. పొద్దున్న లేవగానే పట్టేసినట్టు ఉండేది. నడిస్తే కొంచెం వదిలేది. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే వచ్చేది. ఆటో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వచ్చేది. కుర్చీలో ఎక్కువసేపు కూర్చున్నా వచ్చేది. మెట్లు దిగుతుంటే లోపల టక్ టక్ అని చప్పుడు. రాత్రి కుడిపక్కకి తిరిగి పడుకోలేకపోయేది.

మేమేం చేశాం? నూనె కాచి రాశాం. వేడినీళ్ల సంచి పెట్టాం. "నడుంనొప్పి ఆడవాళ్లకి మామూలే" అని అమ్మ అంది. "డాన్సు మానెయ్యవే, అదే పోద్ది" అని నాన్న అన్నారు. ఊళ్లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎక్కడ నొప్పి అని ఒడియాలో అడిగారు. చిన్నమ్మి "అంటా" అంది. ఒడియాలో అంటా అంటే నడుము. ఆయన నడుముకి ఎక్స్‌రే తీయించి, నడుముకి బెల్టు ఇచ్చి, నొప్పి మాత్రలు రాశారు. ఆయన తప్పు అనడానికి లేదు. ఆయనకి చెప్పిన మాట నడుము, చూసింది నడుము.

అసలు నొప్పి నడుములో లేదు. తొడ పైభాగం, ముందువైపు, కాలు మడిచే చోట లోపల ఉంది. ఆ చోటుకి ఏం పేరు చెప్పాలో తనకి తెలీదు. తెలిసినా మగ డాక్టరు ముందు, నాన్న పక్కన నిలబడి ఉండగా చెప్పేది కాదు. అది మాకు తర్వాత అర్థమైంది. ఇంట్లో కూడా "ఇక్కడ" అని పక్కనుంచి నడుంమీద చెయ్యి వేసి చూపించేది. మేం నడుము అనుకున్నాం. ఎనిమిది నెలలు నడుముకి బెల్టు కట్టించాం.

సెప్టెంబరులో ఒకరోజు క్లాసులో పిల్లలకి చూపిస్తూ చూపిస్తూ కింద కూర్చుండిపోయింది. ఇద్దరు పిల్లలు పట్టుకుని లేపాల్సి వచ్చింది. ఆ మర్నాడే విశాఖ బయల్దేరాం. ఇప్పుడు పెద్ద రైలే. పర్లాకిమిడి, నౌపడ, ఆమదాలవలస, విజయనగరం మీదుగా వెళ్తుంది. కిటికీ పక్కన సీటు ఉన్నా చిన్నమ్మి దారి పొడుగునా తలుపు దగ్గర నిలబడే ఉంది. "గాలి కోసం" అంది. నమ్మాం. కూర్చుంటే నొప్పి అని అప్పుడైనా అడగలేదు.

విశాఖలో డాక్టరుగారు వయసైన మనిషి. రిపోర్టులన్నీ పక్కన పెట్టి మొదట ఒకే ప్రశ్న అడిగారు.

"నొప్పి గజ్జల్లోనా అమ్మా, పిర్రలోనా?"

చిన్నమ్మి కంగారుగా చెప్పింది. "గజ్జెలు కట్టడం మానేసి రెండు నెలలైంది సార్. కాలిమడమ దగ్గర నొప్పేం లేదు."

ఆయనకి ముందు అర్థం కాలేదు. తర్వాత పెద్దగా నవ్వారు. మేమూ నవ్వాం. నృత్యం చేసే పిల్లకి గజ్జ అంటే కాలి గజ్జెలే గుర్తొచ్చాయి. మూడు తరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం, సంక్రాంతి చేస్తున్నాం, కానీ మా పిల్లకి తన ఒంట్లో ఆ చోటుకి తెలుగు పేరు మేం ఎప్పుడూ చెప్పలేదు. ఒడియా పుస్తకంలో జంఘసంధి అని చదివి ఉంటుంది, అది ఎవరూ నోటితో అనే మాట కాదు.

డాక్టరుగారు అప్పుడు నర్సుని పిలిచి, మమ్మల్ని బయటికి పంపి, "మాట వద్దు, వేలు పెట్టి చూపించు" అన్నారట. చిన్నమ్మి బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు ముందు గజ్జ వైపుకి వచ్చేలా తుంటిని చేత్తో గుప్పిట పట్టినట్టు పట్టుకుని చూపించింది. ఇంగ్లీషు అక్షరం 'సి' ఆకారంలో. తుంటి కీలు లోపల నొప్పి ఉన్నవాళ్లు చాలామంది అలాగే చూపిస్తారట. ఇంట్లో ఎనిమిది నెలలూ తను చూపించింది అదే. మేం వెనక ఉన్న బొటనవేలు చూశాం, ముందున్న నాలుగు వేళ్లూ చూడలేదు.

తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి పైకి ఎత్తి, లోపలికి వాల్చి, పాదం బయటికి పోయేలా తొడని లోపలికి తిప్పారు. చిన్నమ్మి కేక వేసింది. ఆ పరీక్షలో గజ్జలో నొప్పి వస్తే కీలులోనే ఏదో ఉందని అనుమానించాలి, రానే రాకపోతే కీలు కాకపోవచ్చు అని చెప్పారు. ఆ ఒక్క పరీక్షతోనే జబ్బు పేరు ఖాయం కాదు అని కూడా చెప్పారు.

ఇంకో ప్రశ్న వేశారు. "ఏ ఊరు?" గుణుపురం అన్నాం. వెంటనే సికిల్ సెల్ రక్తపరీక్ష రాశారు. మాకు ఎందుకో తెలీలేదు. మన రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఆ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాలకి అడ్డం పడతాయి. తొడ ఎముక తలకి రక్తం అందక ఆ ఎముకే చచ్చుబడుతుంది. కుర్రవాళ్లకి కూడా తుంటినొప్పి అలా మొదలవుతుంది. వైద్యం పూర్తిగా వేరు, ఆలస్యం చేస్తే ఎముక తల నలిగిపోతుంది. ఆ ఏడాది జులై 1నే కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ అని మొదలుపెట్టింది. అంటే పరీక్ష మన జిల్లాల్లో దొరకని వస్తువేం కాదు. చిన్నమ్మికి అది లేదు. కానీ మన వైపు నుంచి తుంటినొప్పితో వెళ్లే పిల్లలెవరికైనా ఈ పరీక్ష జరిగిందా లేదా అని అడగండి. అలాగే జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి ఉంటే ఎముకల క్షయ కూడా చూస్తారట.

ఎక్స్‌రే, ఆ తర్వాత ఎంఆర్ఐ అయ్యాయి. కాగితం మీద రాసింది, కుడి తుంటి లేబ్రమ్ చిరుగు. ఆ మాట మేం ఎప్పుడూ వినలేదు. డాక్టరుగారు ఎముక బొమ్మ తెచ్చి చూపించారు.

తుంటి కీలు అంటే గిన్నెలో బంతి. నడుం కింది ఎముకలో గిన్నె, తొడ ఎముక పైన బంతి. బంతికీ గిన్నెకీ లోపలివైపు నున్నటి మృదులాస్థి పూత ఉంటుంది. గిన్నె అంచు చుట్టూ కొంచెం గట్టిగా, కొంచెం మెత్తగా ఉండే ఒక పట్టీ ఉంటుంది. దాన్నే లేబ్రమ్ అంటారు. అదీ ఒక రకం మృదులాస్థే, కానీ నారతో అల్లినట్టు ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ మూతకి రబ్బరు ఎలాగో కీలుకి ఇది అలాగ. గిన్నెని కాస్త లోతు చేస్తుంది, బంతిని పట్టి ఉంచుతుంది, కీలులోని జిగురునీరు బయటికి పోకుండా బిగిస్తుంది. ఆ రబ్బరు పగిలితే ఆవిరి పోయినట్టే, లేబ్రమ్ చిరిగితే ఆ బిగింపు తగ్గుతుంది. చిరిగిన ముక్క మధ్యలో నలిగితే టక్‌మంటుంది, పట్టేస్తుంది. ఆ పట్టీలో నొప్పి తెలిసే నరాలు ఉన్నాయి కాబట్టి నొప్పి కూడా వస్తుంది. ఆ నొప్పి ఎక్కువమందికి గజ్జలోనే తెలుస్తుంది. రక్తం దానికి బయటి అంచు వైపు నుంచే కాస్త అందుతుంది, లోపలి అంచుకి చాలా తక్కువ. అందుకే చర్మం కోసుకుంటే మానినట్టు అది దానంతట అది అతుక్కోదు.

ఎందుకు చిరుగుతుంది అంటే నాలుగైదు దారులు చెప్పారు. పడటం, బండి దెబ్బ ఒకటి. బంతి మెడ దగ్గర పుట్టుకతోనో ఎదిగే వయసులోనో ఎముక కొంచెం ఉబ్బుగా పెరిగి, కాలు బాగా మడిచినప్పుడు గిన్నె అంచుకి కొట్టుకోవడం ఒకటి. గిన్నె అంచే ఎక్కువ ముందుకి ఉండటం ఒకటి. స్విట్జర్లాండులోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ అనే సర్జన్, ఆయన తోటివాళ్లు 2003లో ఈ కొట్టుకోవడం గురించి రాశాకే డాక్టర్లు దీన్ని బాగా పట్టించుకోవడం మొదలైంది. గిన్నె లోతు చాలకపోవడం ఇంకో కారణం. వయసుతో అరగడం ఇంకోటి. తుంటిని బాగా తిప్పే పనులు చేసేవాళ్లలో, అంటే బాలే నర్తకుల్లో, ఫుట్‌బాల్, హాకీ ఆడేవాళ్లలో ఎక్కువగా చూస్తారు. చిన్నమ్మి ఎక్స్‌రేలో బంతి మెడ దగ్గర చిన్న ఉబ్బు ఉంది. దాని మీద ఇరవయ్యేడేళ్ల చౌక. కీలు మధ్య ఖాళీ మాత్రం బాగానే ఉంది, అరగలేదు. అది మంచి వార్త అన్నారు.

"చిరిగింది" అన్న మాట వినగానే నాన్న అన్నారు, "చిరిగితే కుట్టాలి కదా. ఎంతవుద్ది సార్? రేపే చేసెయ్యండి."

డాక్టరుగారు తొందరపడలేదు. ఆయన చెప్పింది మాకు ఇప్పటికీ గుర్తుంది. ఎంఆర్ఐలో చిరుగు కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం అన్నారు. 2012లో అమెరికాలో తుంటినొప్పి ఏమాత్రం లేని 45 మందికి ఎంఆర్ఐ తీసి చూస్తే వందకి 69 మందికి లేబ్రమ్ చిరిగి కనిపించిందట. వాళ్లకి నొప్పే లేదు. అందుకే బొమ్మ ఒక్కటే కాదు, నొప్పి చోటు, పరీక్ష, ఎక్స్‌రే అన్నీ కలిసి ఒకే మాట చెప్పాలి. అనుమానం ఉంటే కీలులోకి మత్తుమందు ఇంజెక్షన్ చేసి చూస్తారు. ఆ కాసేపు నొప్పి పోతే నొప్పి కీలులోదే అని తేలుతుంది. చిన్నమ్మికి అది చేశారు. ఆ మధ్యాహ్నం నాలుగు గంటల పాటు మామూలుగా నడిచింది. ఎనిమిది నెలల తర్వాత అలా నడవడం చూసి అమ్మ ఆసుపత్రి వరండాలోనే ఏడ్చేసింది.

దారులు రెండు చెప్పారు. ఒకటి, కనీసం మూడు నెలలు పద్ధతిగా ఫిజియోథెరపీ, కీలుని నలిపే పనులు తగ్గించడం, అవసరమైతే కొన్నాళ్లు నొప్పి మందు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది కానీ చిరుగుని అతకదు. రెండు, ఆర్థ్రోస్కోపీ. కాలుని పట్టి లాగి కీలులో కొంచెం సందు చేసి, రెండు మూడు చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, సన్నటి పనిముట్లు పంపి, చిరిగిన పట్టీని ఎముకకి చిన్న మేకుల్లాంటి వాటితో కుడతారు. ఉబ్బుగా ఉన్న ఎముకని చెక్కుతారు. కొన్ని వారాలు చంకకర్రలు, ఆ తర్వాత ఎలాగూ నెలల తరబడి ఫిజియోథెరపీ. కాలు లాగినందువల్ల కొందరికి కొన్నాళ్లు తిమ్మిరి ఉంటుంది.

ఏది మంచిది అని అడిగాం. బ్రిటన్‌లో ఎముక కొట్టుకునే జబ్బు ఉన్న 348 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఆర్థ్రోస్కోపీ, ఒక జట్టుకి మనిషిని బట్టి ఫిజియోథెరపీ ఇచ్చారట. 2018లో ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత రెండు జట్లూ మెరుగయ్యాయి. నూరు మార్కుల కొలతలో ఆపరేషన్ జట్టుకి సుమారు 7 మార్కులు ఎక్కువ వచ్చాయి. అంటే ఆపరేషన్ పనికిరానిది కాదు, వ్యాయామం దండగ కూడా కాదు. "మూడు నెలలు వ్యాయామం చేసి చూస్తే కొంపేం మునగదు. మానకపోతే ఆపరేషన్ తలుపు తెరిచే ఉంటుంది. ముందే ఆపరేషన్ చేసేస్తే వెనక్కి రాలేం" అన్నారు.

ఇంటికొచ్చాక పెద్ద గొడవ. నాన్న కొట్టు పక్క స్థలం అమ్మి ఆపరేషన్ చేయిద్దాం అన్నారు. పెద్దన్నయ్య బరంపురంలో ఇంకో డాక్టరుకి చూపిద్దాం అన్నాడు. బావ అత్తగారింటి వైపు కట్లు కట్టే మనిషి దగ్గరికి పోదామన్నాడు. అమ్మ మొక్కుకుంది. వారం రోజులు రోజూ ఇదే మాట. ఎనిమిదో రోజు రాత్రి భోజనాల దగ్గర చిన్నమ్మి కంచం పక్కన పెట్టి అంది.

"తుంటి నాది. ఎనిమిది నెలలు నొప్పి నాది. నన్ను ఒక్కళ్లైనా ఏం చేద్దామే అని అడిగారా?"

ఎవరం మాట్లాడలేదు. కాసేపటికి నాన్నే, "సరేనమ్మా, నువ్వే చెప్పు" అన్నారు. మూడు నెలలు వ్యాయామం చేస్తానంది. మానకపోతే ఆపరేషన్‌కి తనే ఒప్పుకుంటానంది. స్థలం అమ్మొద్దంది.

ఆ రాత్రే మామ్మ మాట వచ్చింది. మామ్మ ఆఖరి పదిహేనేళ్లూ నేల మీద కూర్చోలేదు. కుంటుతూ నడిచేది. "వాతం" అనేవాళ్లం, అంతే. తాతగారు వడ్రంగి చేత మోకాలికంటే ఎత్తుగా ఒక టేకు పీట చేయించారు. దాని మీద కూర్చునే పప్పు రుబ్బించేది, పిల్లలకి అన్నం పెట్టేది. కేజీహెచ్‌కి కళ్ల కోసం తీసుకెళ్లాం, గుండె కోసం తీసుకెళ్లాం. కాలు కోసం ఒక్కసారీ తీసుకెళ్లలేదు. తను అడగలేదు, మేం అడగలేదు. అటక మీదున్న ఆ పీట మర్నాడు దింపి, కడిగి, చిన్నమ్మికి ఇచ్చాం.

వ్యాయామాల గురించి చాలామంది అడుగుతున్నారు. ఇవి చిన్నమ్మికి ఫిజియోథెరపిస్టు చూసి ఇచ్చినవి, మీరు చూసి చేసెయ్యకండి. లెక్క ఏమిటో మాత్రం చెప్తాం. చిరిగిన పట్టీని వ్యాయామం కుట్టదు. కీలు చుట్టూ ఉన్న కండలు, ముఖ్యంగా పిర్ర కండలు, పొట్ట కండలు బలపడితే బంతి గిన్నెలో సరిగ్గా కూర్చుంటుంది, అంచు మీద భారం తగ్గుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం ఎత్తడం, పక్కకి పడుకుని పైకాలు నిదానంగా లేపడం, ఒంటికాలి మీద నిలబడటం, ఇలాంటివి. చిన్నమ్మి మొదట్లో తనకి బాగా వచ్చిన పనే చేసింది, కాళ్లు బాగా చాపి సాగదీయడం. దాంతో నొప్పి పెరిగింది. "నీకు సాగడం తక్కువ లేదు, పట్టు తక్కువ" అని ఫిజియోథెరపిస్టు అన్నారు. ఇరవయ్యేడేళ్లు నృత్యం చేసిన మనిషికి ఒంటికాలి మీద అర నిమిషం నిలబడితే నడుం పక్కకి ఒరిగిపోయేది. తనకే ఆశ్చర్యం.

ఇంట్లో మార్చినవి ఇవి. గొంతుకూర్చోవడం, బాసింపట్టు ఆపించాం. దొడ్లో కమోడ్ పెట్టించాం. మోకాళ్లు తుంటికంటే పైకి వచ్చేంత తక్కువ ఎత్తు సోఫాలో కూర్చోనివ్వలేదు. పక్కకి పడుకుంటే రెండు మోకాళ్ల మధ్య తలగడ. బండి మీద దూరం ప్రయాణాలు మానేసింది. ఆటో ఎక్కేటప్పుడు ముందు వెనక్కి ఆనుకుని కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవడం నేర్చుకుంది. పూజలో పీట మీద కాదు, కుర్చీలో కూర్చుంది. కార్తీకంలో ఇంటికొచ్చిన పెద్దవాళ్లు మూతి విరిచారు. విరిచనీ అన్నాం.

మొదటి నెల ఏం తేడా లేదు. ఐదో వారంలో ఇంకా పెరిగింది, నాన్న మళ్లీ స్థలం మాట ఎత్తారు. ఏడో వారంలో రాత్రి నిద్ర పట్టింది. మూడో నెల చివరికి మెట్లు దిగుతుంటే టక్‌మనడం ఉంది కానీ నొప్పి లేదు. ఆరు నెలలకి క్లాసు మళ్లీ మొదలుపెట్టింది. విశాఖలో చూపిస్తే, ఇలాగే సాగనీ, ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదు అన్నారు.

పూర్తిగా పోయిందా అంటే పోలేదు. లోతుగా చౌక కూర్చోలేదు. మళ్లీ కూర్చుంటానని తను ఆశ పెట్టుకోలేదు. గంట దాటి కదలకుండా కూర్చుంటే గజ్జలో గుర్తు చేస్తుంది. స్టేజి మీద చివరిసారి ఎప్పుడు ఆడిందో తేదీతో సహా చెప్తుంది, చెప్పి వేరే మాటలోకి పోతుంది. మేం ఎనిమిది నెలల ముందే తీసుకెళ్లి ఉంటే అది మిగిలేదా అని ఒకసారి డాక్టరుగార్ని చాటుగా అడిగాం. ఎముక ఆకారం ముందునుంచీ ఉన్నదే, చిరుగు ముందే ఉండొచ్చు, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి అన్నారు. అయినా ఆ ఎనిమిది నెలల నొప్పి మటుకు మా లెక్కలోదే.

ఆపరేషన్ వద్దు అని మేం చెప్పడం లేదు. మా పర్లాకిమిడి చుట్టాల కుర్రాడికి కీలు పదేపదే బిగుసుకుపోయి, ఆరు నెలల వ్యాయామం తర్వాత కూడా తగ్గక, ఆర్థ్రోస్కోపీ చేశారు. బాగున్నాడు. కీలు ఇంకా అరగని వాళ్లకి, వ్యాయామంతో తగ్గని వాళ్లకి అది మంచి దారే. బాగా అరిగిపోయిన వాళ్లకి కుట్టి లాభం తక్కువ, కీలు మార్పిడి మాట వస్తుంది. గిన్నె లోతు చాలని వాళ్లకి వేరే ఆపరేషన్ ఉంటుంది. అందుకే "మీ అమ్మాయికి ఏం చేశారు" అని కాదు, "మా అమ్మాయికి ఎముక ఆకారం ఎలా ఉంది, కీలు అరిగిందా, వ్యాయామం ఎన్నాళ్లు చేసి చూడాలి" అని మీ డాక్టరుని అడగండి. పడిన తర్వాత కాలు మోపలేకపోయినా, జ్వరంతో తుంటినొప్పి వచ్చినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి.

ఇంకో పని మొదలుపెట్టాం. మా పిల్లలకి ఒంట్లో చోట్లకి తెలుగు పేర్లు నేర్పుతున్నాం. నడుము, పిర్ర, తుంటి, తొడ, గజ్జ, పిక్క, మడమ, చీలమండ. పక్కనే ఒడియా మాట కూడా. అన్నం పద్యంలా రోజూ చెప్పించం, స్నానం చేయించేటప్పుడు చెప్తాం. గజ్జ అంటే సిగ్గుపడాల్సిన మాట కాదని కూడా చెప్తున్నాం. మొన్న మా ఆరేళ్ల మేనకోడలు ఆడుకుంటూ పడి, "అత్తా, తుంటి కాదు, పిర్ర" అని ఏడుస్తూనే సరిచేసింది.

ఈ సంక్రాంతికి ముగ్గు పిల్లలే పెట్టారు. చిన్నమ్మి మామ్మ పీట వీధిలో వేయించుకుని కూర్చుని, చుక్కలు ఎక్కడ తప్పుతున్నాయో చెప్తూ ఉంది. అర్ధరాత్రి దాటాక లేచి లోపలికి వెళ్తుంటే మేం అడిగాం, ఎలగుందే అని.

"ఎక్కడ?" అంది.

"గజ్జలో."

"పరవాలేదు" అంది.